బరువు దించుకునే చోటు

నేపాల్ కొండదారుల్లో నడిచే బాటసారికి 'చౌతారీ' అన్న మాటంత చల్లని మాట ఇంకొకటి ఉండదు. ఏటవాలు దారి పక్కన ఒక రావి చెట్టు, దానికి జతగా ఒక మర్రి చెట్టు, ఆ రెండింటి చుట్టూ రాళ్లు పేర్చి కట్టిన అరుగు. అదే చౌతారీ. మన పల్లెల్లో రావికీ వేపకూ పెళ్లి చేసి, చుట్టూ రచ్చబండ కట్టినట్టే అనుకోవచ్చు. అయితే రచ్చబండ కూర్చోవడానికి, చౌతారీ బరువు దించుకోవడానికి. అక్కడి మనిషి 'డోకో' అనే వెదురు బుట్టను వీపుకు ఆనించి, 'నామ్లో' అనే పట్టీని నుదుటి మీదుగా తగిలించుకొని ఉప్పు మొదలు ఇనుప రేకుల దాకా అన్నీ మోస్తాడు. బుట్టను నేల మీదకు దించితే మళ్లీ ఎత్తుకోవడం కష్టం. అందుకే చౌతారీ అరుగును రెండు మెట్లుగా కడతారు. కింది మెట్టు మనిషి కూర్చోవడానికి, పై మెట్టు బుట్ట ఆనించడానికి. నిలబడే వెనక్కి వాలితే చాలు, బరువు అరుగు మీదకు చేరుతుంది.

చనిపోయిన తల్లిదండ్రుల పేరిట చౌతారీ కట్టించడం అక్కడ పెద్ద పుణ్యకార్యం. కట్టించినవారికి ఆ దారిన పోయేదెవరో తెలియదు. ఏ కులమో, ఏ ఊరో వారు అడగరు. అలసినవారిని, బరువులతో కుంగినవారిని యేసుప్రభువు తన దగ్గర సేదదీరమని పిలిచిన పిలుపు (మత్తయి 11వ అధ్యాయం) మనకు వాక్యంగా తెలుసు. నేపాల్ కొండ మనిషికి అది రాళ్లతో కట్టి, చెట్టు నాటి, కళ్లెదుట నిలబెట్టిన విషయం.

రెండు వందల ఏళ్లుగా ఈ కొండ ప్రజలు ఇతరుల బరువులు మోస్తూనే ఉన్నారు. ఇతరుల సరిహద్దులు కాశారు. ఇతరుల ఇళ్లకు కాపలా ఉన్నారు. ఇతరుల మేడలు కట్టారు. మరి ఇల్లు విడిచి వచ్చిన వారికి పరాయి నేల మీద చౌతారీ ఎక్కడ? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

లాహోర్ దారి పట్టినవారు

పరదేశం పోయి సంపాదించేవాణ్ణి నేపాలీలు 'లాహురే' అంటారు. పంజాబు పాలకుడు మహారాజా రంజిత్ సింగ్ సైన్యంలో చేరడానికి లాహోర్ వెళ్లిన కొండ యువకుల వల్ల పుట్టిన మాట అది. లాహోర్ ఎప్పుడో మరుగున పడింది కాని మాట మిగిలింది. ఇప్పుడు లండన్ పోయినా, దోహా పోయినా, సియోల్ పోయినా లాహురేయే. మన దేశానికి వారి పాత పేరు 'ముగ్లాన్', అంటే మొగలుల సీమ. ముగ్లాన్ పోయాడంటే ఎప్పుడు తిరిగి వస్తాడో తెలియదని అర్థం.

1814 నుంచి 1816 దాకా జరిగిన యుద్ధంలో నేపాల్ ఆంగ్లేయుల చేతిలో ఓడిపోయింది. కాని ఆ కొండ సైనికుల ధైర్యాన్ని చూసిన ఆంగ్లేయులు 1815లోనే వారిని తమ పటాలాల్లో చేర్చుకోవడం మొదలుపెట్టారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో కలిపి సుమారు 43 వేల మంది గూర్ఖాలు మరణించడమో గాయపడడమో జరిగిందని అంచనా. ఆ యుద్ధాల్లో ఏ ఒక్కటీ వారి ఇంటి కోసం జరిగింది కాదు. 1947లో పది గూర్ఖా రెజిమెంట్లను పంచుకున్నప్పుడు ఆరు మన దేశానికి, నాలుగు బ్రిటన్‌కు వెళ్లాయి. ఒక తల్లి బిడ్డలు రెండు జెండాల కింద నిలబడిన కుటుంబాలు ఎన్నో!

సేవ చేయించుకున్న దేశాలు వారిని ఇంటివారిగా చూశాయా? 1997కు ముందు పదవీ విరమణ చేసిన గూర్ఖాలకు బ్రిటన్‌లో స్థిరపడే హక్కు కోసం పెద్ద ఉద్యమమే జరగవలసి వచ్చింది. 2009లో గాని ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ తర్వాత ఆల్డర్‌షాట్ వంటి పట్టణాల్లో ముసలి జంటలు వచ్చి దిగాయి. ఢాకా టోపీ పెట్టుకొని, మాట రాని ఊరిలో, పార్కు బెంచీల మీద కూర్చొనే వృద్ధులు ఆ పట్టణాలకు పరిచితమైన దృశ్యమయ్యారు. సమాన పింఛను కోసం 2021లో ప్రధాని నివాసం ఎదుట మాజీ సైనికులు 13 రోజులు నిరాహార దీక్ష చేశారు. సింగపూర్‌లో 1949 నుంచి గూర్ఖా పోలీసు దళం ఉంది. అక్కడ ఉద్యోగం ముగిసిన నాడు కుటుంబంతో సహా నేపాల్‌కు తిరిగి పోవలసిందే. సింగపూర్‌లో పుట్టి, అక్కడి బడిలో చదివిన పిల్లలకు కూడా ఆ నియమం తప్పదు. తాము పుట్టిన ఊరిని వదిలి, ఎన్నడూ నివసించని 'సొంత' దేశానికి వెళ్లే ఆ పిల్లలు ఏ దేశపు పరదేశులు?

మన వీధిలోని 'గూర్ఖా'

ఇంత దూరం ఎందుకు, మన వీధులనే చూద్దాం. అర్ధరాత్రి దాటాక ఈల ఊదుకుంటూ, కరెంటు స్తంభాన్ని కర్రతో తట్టుకుంటూ వెళ్లే మనిషి మన ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నాడు. ఆ ఈల వినబడితే మనకు ధైర్యం. నెల మొదట్లో గుమ్మం ముందు నిలబడితే చిల్లర వెతికి చేతిలో పెట్టేవాళ్లం. అతన్ని మనం పిలిచిన పేరు ఒక్కటే, 'గూర్ఖా'.

నిజానికి గోర్ఖా అన్నది ఖాట్మండుకు పడమట ఉన్న ఒక కొండ పట్టణం పేరు. అక్కడి రాజు పృథ్వీ నారాయణ్ షా 18వ శతాబ్దంలో చిన్న రాజ్యాలను కలిపి నేపాల్‌ను ఏకం చేశాడు కాబట్టి ఆ పేరు సైన్యానికి, తర్వాత మనుషులకు అంటుకుంది. నేపాల్ 2021 జనగణన ఆ దేశంలో 142 కులాలు, తెగలను, 124 మాతృభాషలను లెక్కించింది. మగర్లు, గురుంగులు, రాయీలు, లింబూలు, తమాంగులు, నేవార్లు, థారూలు, బాహునులు, ఛేత్రీలు, మైథిలీ మాట్లాడే మధేశీలు. ఒక్కొక్కరిది ఒక్కో పండుగ, ఒక్కో వంట, ఒక్కో పాట. ఇందరిని మనం ఒక్క మాటలో చుట్టేశాం. మన సినిమాల్లో ఆ మనిషి వచ్చీరాని మాటలతో నవ్వించడానికే తెర మీదకు వచ్చాడు.

1950 జూలై 31న కుదిరిన భారత, నేపాల్ శాంతి స్నేహ ఒప్పందం వల్ల వారు వీసా లేకుండా మన దేశానికి వచ్చి బతకవచ్చు, పని చేసుకోవచ్చు. మనకూ అక్కడ అలాంటి సౌలభ్యమే ఉంది. అలా వచ్చినవారు హైదరాబాద్ అపార్టుమెంట్లలో వాచ్‌మన్‌లుగా, వంటవాళ్లుగా, ఇంటి పనివాళ్లుగా కుదురుతున్నారు. ఎక్కడో ఒక ఇంట్లో దొంగతనం జరిగి పట్టుబడినవాడు నేపాలీ అయితే, మరునాటి నుంచి నగరంలోని నేపాలీలందరి మీదా అనుమానపు చూపు పడుతుంది. తప్పు చేసినవాడికి శిక్ష పడవలసిందే. కాని తప్పు చేసిన తెలుగువాణ్ణి బట్టి తెలుగువారందరినీ దొంగలంటే మనం ఒప్పుకుంటామా?

ఒకే గది, ఒకే కష్టం

ఈ ప్రశ్నకు జవాబు మన గల్ఫ్ అన్నదమ్ములకు బాగా తెలుసు. 'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి' అని తెలంగాణ పల్లె తన వలస బతుకును మూడు మాటల్లో చెప్పుకుంది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వెళ్లిన కూలీ, నేపాల్ తరాయి నుంచో కొండల నుంచో వచ్చిన కూలీ దోహాలో, దుబాయ్‌లో లేబర్ క్యాంపుల్లో పక్కపక్క మంచాల మీద పడుకుంటారు. ఇద్దరూ ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టినవారే. ఇద్దరి పాస్‌పోర్టులూ కఫీల్ బీరువాలో ఉన్న రోజులున్నాయి. అక్కడి అరబ్బులకు మనవాడు ఒట్టి 'హిందీ'. ఇక్కడ మన వీధిలో నేపాలీకి పేరు లేనట్టే, అక్కడ మనవాడికీ పేరు లేదు.

2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం ఖతర్ కట్టిన స్టేడియాలు, రోడ్లు, హోటళ్ల వెనుక లక్షలాది వలస కూలీల చెమట ఉంది. వారిలో నేపాలీలు చాలా పెద్ద సంఖ్యలో ఉన్నారు. లోకం నలుమూలల నుంచి విమర్శలు వచ్చాక ఖతర్ చట్టాలు మార్చింది. యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు కల్పించింది. 2021 మార్చి నుంచి నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమల్లోకి వచ్చింది. మంచి మార్పే. కాని రాత్రి పడుకొని ఉదయం లేవని యువకుల మరణాలకు చాలాసార్లు 'సహజ మరణం' అన్న మాటే కాగితాల మీద మిగిలింది. ఖాట్మండు విమానాశ్రయంలో ఒకవైపు కొత్త చొక్కా, మెడలో పూలదండతో బయలుదేరే కుర్రవాడు, మరోవైపు దిగే శవపేటిక. శంషాబాద్‌లో శవపేటిక కోసం ఎదురు చూసిన మన కుటుంబాలకు ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు.

2021 జనగణన నాటికి సుమారు 2 కోట్ల 92 లక్షల జనాభా ఉన్న నేపాల్ నుంచి దాదాపు 22 లక్షల మంది విదేశాల్లో ఉన్నారు. వారు పంపే సొమ్ము దేశ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు. ఆ డబ్బుతో పిల్లలు చదువుతున్నారు, ఇళ్ల మీద గడ్డి పోయి రేకు వచ్చింది. కాని ఊళ్లలో మగ దిక్కు కరువైంది. 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపంలో దాదాపు 9 వేల మంది చనిపోయినప్పుడు, రాళ్లు తొలగించడానికి బలమైన చేతులు లేని ఊళ్లెన్నో కనిపించాయి. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి 26 మాధ్యమాలను నిషేధించినప్పుడు పరదేశంలోని కొడుకుతో మాట తెగిపోయిన తల్లుల వేదన ఎంతటిదో ఊహించవచ్చు. ఆ నిషేధం మీదా, అవినీతి మీదా యువత తిరగబడింది. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ప్రభుత్వమే పడిపోయింది. ఊళ్లోనే బతుకు ఉంటే ఊరు వదిలేదెవరన్న ఆవేదన ఆ కోపంలో కలిసి ఉంది.

మదన్‌ను ఎత్తుకున్నది ఎవరు?

నేపాలీలు గుండెలో పెట్టుకున్న కథ ఒకటుంది. మహాకవి లక్ష్మీప్రసాద్ దేవకోటా 1936లో రాసిన 'మునా మదన్' అనే కావ్యం. ఝ్యావురే అనే జానపద బాణీలో రాశారు కాబట్టి చదువు రానివారి నోట కూడా అది నిలిచింది. మదన్ అప్పు తీర్చడానికి, తల్లికి సుఖం ఇవ్వడానికి భార్య మునాను వదిలి లాసాకు పోతాడు. వద్దని ఆమె ఏడ్చినా ఆగడు. సంపాదించి తిరిగి వస్తుండగా దారిలో జబ్బు పడతాడు. వెంట వచ్చిన సొంత ఊరి స్నేహితులు ఇక బతకడని అడవిలో వదిలేసి పోతారు. అప్పుడొక భోటే, అంటే టిబెట్ జాతివాడు, అతన్ని మోసుకొని తన ఇంటికి తీసుకుపోతాడు. మందు పోసి, పాలు తాగించి బతికిస్తాడు. మదన్ పై కులంవాడు. భోటే ముట్టుకున్నది తినకూడదని ఆనాటి ఆచారం. ఆ ఆచారం ఆ గుడిసెలో కరిగిపోతుంది. మదన్ బంగారం ఇవ్వబోతే ఆ మనిషి తీసుకోడు. మదన్ ఇల్లు చేరేసరికి మునా లేదు. తల్లి చివరి ఘడియల్లో ఉంది.

ఈ కథ చదివినప్పుడల్లా మాకు లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం గుర్తుకు వస్తుంది. అక్కడ దొంగల చేత చిక్కినవాణ్ణి చూసి తన జాతివారు, అందులోనూ దేవాలయ సేవకులు, పక్కగా తప్పుకుపోయారు. యూదులు అంటరానివాడుగా చూసిన సమరయుడు ఆగాడు. దేవకోటా హిందూ సంప్రదాయంలో పుట్టి పెరిగిన కవి. అయినా మనిషి విలువ కులంలో లేదు, దయలో ఉందన్న సత్యాన్ని ఆయన కూడా దారి పక్కనే కనుగొన్నారు. వలస పోయినవాడి కథను జాతి మొత్తం తన కథగా పాడుకోవడం చూస్తే, ఇంటికి దూరమైనవాడికి దారిలో ఎవరు తోడు నిలుస్తారన్నదే ఆ జాతి అడుగుతున్న ప్రశ్న అనిపిస్తుంది.

బయటి నేల మీద పెరిగిన మొక్క

పరదేశం దుఃఖాన్నే కాదు, కొన్నిసార్లు ఇల్లు ఇవ్వలేనిదాన్ని కూడా ఇస్తుంది. నేపాలీ భాషకు ఆదికవిగా పేరు పొందిన భానుభక్త ఆచార్య రామాయణాన్ని సంపూర్ణంగా 1887లో అచ్చు వేయించింది కాశీలో ఉన్న మోతీరామ్ భట్ట. డార్జిలింగ్ తేయాకు తోటలకు కూలికి వచ్చిన వేర్వేరు తెగలవారు అక్కడ నేపాలీనే ఉమ్మడి భాషగా చేసుకొని, బడులు పెట్టుకొని, పుస్తకాలు రాసుకున్నారు. వారి దీర్ఘకాల పోరాటం వల్లనే 1992లో నేపాలీకి మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు దొరికింది.

నేపాలీ క్రైస్తవ సంఘం కూడా ఇలా బయటి నేల మీద పెరిగిన మొక్కే. 1715లో ఖాట్మండు లోయకు వచ్చిన కపూచిన్ ఫాదర్లు 1769లో వెళ్లిపోవలసి వచ్చింది. వారితోపాటు కొద్దిమంది నేవారు విశ్వాసులు బీహార్‌లోని బెతియా ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డారు. ఆ తర్వాత దాదాపు 180 ఏళ్లు నేపాల్ తలుపు మూసే ఉంది. ఖాట్మండులో 1851లో పుట్టిన గంగాప్రసాద్ ప్రధాన్ బాల్యంలోనే డార్జిలింగ్ చేరి, మిషనరీ బడిలో చదివి క్రీస్తును నమ్మారు. 1901లో నేపాలీ పత్రిక 'గోర్ఖే ఖబర్ కాగత్' ప్రారంభించారు. స్కాట్లాండ్ మిషనరీలతో కలిసి ఏళ్ల తరబడి శ్రమించి బైబిలు మొత్తాన్ని నేపాలీలోకి తెచ్చారు. అది 1914లో వెలువడింది. అదే ఏడు ఆయన తన పెద్ద కుటుంబాన్ని వెంటబెట్టుకొని స్వదేశంలో స్థిరపడాలని వెళ్తే, క్రైస్తవులకు ఇక్కడ చోటు లేదని అధికారులు తిప్పి పంపేశారు. మాతృభాషకు ఒక మహాగ్రంథాన్ని ఇచ్చిన మనిషికి మాతృభూమిలో కాలు పెట్టే చోటు లేకపోయింది!

1951లో రాణాల పాలన పోయి తలుపు తెరుచుకుంది. మరుసటి ఏడే మన దేశం వైపు నుంచి వెళ్లిన నేపాలీ విశ్వాసులు పోఖరాలో సంఘాన్ని ఆరంభించారు. తిప్పి పంపిన దేశానికి వారు ఫిర్యాదులు మోసుకొని వెళ్లలేదు. 1954లో ఏర్పడిన యునైటెడ్ మిషన్ టు నేపాల్ తాన్‌సేన్‌లో, ఖాట్మండులో ఆసుపత్రులు నడిపింది. ఇవాళ నేపాల్ జనాభాలో క్రైస్తవులు 1.76 శాతం. మరొకరిని మతం మార్పించడం అక్కడ ఇప్పటికీ జైలు శిక్ష పడే నేరం. శనివారం సెలవు కావడంతో అక్కడి సంఘాలు సంప్రదాయంగా శనివారమే ఆరాధనకు చేరతాయి. 'జయ్ మసీహ్' అని పలకరించుకుంటాయి.

వెళ్లగొట్టబడినవారు

అయితే అందరి కథా తిరిగి ఇల్లు చేరడంతో ముగియదు. భూటాన్ దక్షిణ భాగంలో తరాలుగా వ్యవసాయం చేసుకుంటున్న నేపాలీ భాషీయులను ల్హోత్షంపాలంటారు. 1985 పౌరసత్వ చట్టం, 1988 జనగణన వారిలో చాలామందిని రాత్రికి రాత్రి పరాయివారిని చేశాయి. 1990 తర్వాత లక్షమందికి పైగా తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో వెదురు గుడిసెల్లోకి చేరారు. భూటాన్ రానివ్వలేదు, నేపాల్ పౌరులుగా తీసుకోలేదు. సుమారు 17 ఏళ్లు అలా గడిచాక ఎనిమిది దేశాలు తలుపులు తెరిచాయి. లక్షా 13 వేల మంది వరకు విదేశాలకు వెళ్లారు. వారిలో అత్యధికులు అమెరికా చేరారు. వరి పొలం తప్ప మరొకటి తెలియని తాతలు ఒహాయోలో, పెన్సిల్వేనియాలో మంచు పడే వీధుల్లో దిగారు.

ఇప్పుడు కొలంబస్‌లో, పిట్స్‌బర్గ్‌లో నేపాలీ అంగళ్లున్నాయి. గుంద్రుక్ అనే పులిసిన ఎండు ఆకుకూర దొరుకుతుంది. దసైఁ పండుగకు చీకటి గదిలో బార్లీ మొలకలు పెంచి, పెరుగు, బియ్యం, కుంకుమ కలిపిన టీకాను పెద్దలు పిల్లల నుదుట పెట్టి దీవిస్తారు. నామ్లో పట్టీ మోసిన నుదురే ఆ దీవెననూ మోస్తుంది. కాని ఆ భద్రత కూడా గట్టిది కాదని 2025లో తేలింది. నేరారోపణల పేరిట కొందరిని అమెరికా భూటాన్‌కు పంపేసింది. భూటాన్ వారిని ఉంచుకోకుండా సరిహద్దు దాటించింది. వారిలో కొందరు తిరిగి తాము మొదలుపెట్టిన శిబిరాల దగ్గరికే చేరారు.

ఘర్, డేరా

నేపాలీలో ఇంటికి రెండు మాటలున్నాయి. తాతముత్తాతల ఊళ్లో ఉన్నది 'ఘర్'. పని కోసం వచ్చి అద్దెకు ఉండేది 'డేరా'. ఇరవై ఏళ్లుగా నగరంలో ఉన్నా సరే, ఘర్ ఎక్కడ అని అడిగితే దూరపు కొండ మీది ఊరి పేరే చెబుతారు. డేరా అంటే తెలుగులో గుడారం. అబ్రాహాము వాగ్దాన భూమిలో కూడా పరవాసిలా గుడారాల్లోనే బతికాడని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం గుర్తు చేస్తుంది. ఐగుప్తులో పరదేశులుగా నలిగిన ఇశ్రాయేలు ప్రజలకు, పరదేశి మనసు ఎలా ఉంటుందో మీకు తెలుసు గనుక అతన్ని బాధ పెట్టవద్దని దేవుడు చెప్పాడు (నిర్గమ 23:9). ఇది జాలి పడమన్న మాట కాదు. నీ జ్ఞాపకాన్ని న్యాయంగా మార్చుకోమన్న మాట. గల్ఫ్‌కు, అమెరికాకు బిడ్డలను పంపిన తెలుగు ఇళ్లకు ఇంతకంటే సూటిగా తగిలే ఆజ్ఞ ఏముంది?

ఇందుకు పెద్ద పెద్ద కార్యక్రమాలు అక్కరలేదు. మన అపార్టుమెంటు గేటు దగ్గర ఉన్న మనిషి పేరు తెలుసుకుందాం. 'ఘర్ కహా హో?' అని అతని భాషలో అడిగి చూద్దాం. అతని ఊరి పేరు పలికినప్పుడు ఆ ముఖంలో వచ్చే వెలుగు చూద్దాం. మెట్ల కింద ఇరుకు గదిలో అతని పిల్లలుంటే వారిని బడిలో చేర్పించే కాగితాల సంగతి కనుక్కుందాం. జీతం చెప్పిన తేదీకి ఇద్దాం. జబ్బు పడితే ఆసుపత్రికి తోడు వెళదాం. దసైఁకు ఇంటికి పోతానంటే ముఖం చిట్లించకుండా సెలవిద్దాం. ఒకడు తప్పు చేశాడని విన్న రోజున మన గేటు దగ్గర ఉన్నవాణ్ణి అనుమానంతో చూడకుండా ఉందాం. మన సంఘాల్లో వారిలోని విశ్వాసులు వెనుక వరుసలో ఒంటరిగా కూర్చుంటే పక్కన కూర్చుందాం. విశ్వాసి కానివారికీ అదే ఆదరణ చూపుదాం. దెబ్బలు తిన్నవాడి మతమేమిటో సమరయుడు అడగలేదు కదా!

కొండ దారిలో ఒకరు కట్టిన అరుగు మీద ఇంకొకరు ఊపిరి పీల్చుకుంటారు. ఆ బరువును మళ్లీ ఎత్తుకోవలసింది అతనే, మిగిలిన దారి నడవవలసిందీ అతనే. కాని కాసేపు దించుకునే చోటు ఇవ్వడం మన చేతుల్లో ఉన్న పని. మన గుమ్మం దాటి పోయే పరదేశికి అటువంటి చోటు ఇవ్వగల మనసు ప్రభువు మనకు దయచేయును గాక.